తెర వెనక మరిది

ఆ వానాకాలమంతా మా ఇంట్లో బట్టలు ఆరలేదు, వాదన చల్లారలేదు. బట్టలకి కారణం వాన. వాదనకి కారణం మా మరిదీ, మా అమ్మాయీ.

మా మరిది డీజే. ఊళ్ళోకెల్లా పెద్ద నైట్‌క్లబ్బులో పాటలు వేస్తాడు. మా వీధి చివర బస్టాపు గోడ మీద అతని పోస్టరు నిలువెత్తున ఉంటుంది. నల్ల కళ్ళద్దాలు, నున్నగా వెనక్కి దువ్విన జుట్టు, గాల్లోకి లేచిన రెండు చేతులు. ఆ కళ్ళద్దాలు తీసి, తల కడిగి, ఇంటి చొక్కా తొడిగితే మాత్రం ఏ పోస్టాఫీసులోనో స్టాంపులు అమ్మే మనిషిలా ఉంటాడు. ఆ పోస్టరు కిందే నిలబడి బస్సు కోసం చూస్తుంటాడు కానీ ఇంతవరకూ ఒక్కరూ గుర్తుపట్టిన పాపాన పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఉండేది మా మేడ మీద గదిలో, తినేది మా బల్ల దగ్గర.

మా అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. పక్క సీట్లో కూర్చుని ఎదుటివాళ్ళ తప్పులకి బ్రేకు వెయ్యడమే ఉద్యోగం కాబట్టి, ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే ఎవరికీ బ్రేకు వెయ్యదు. ఆ పూట పరుపుల కొట్టు కింద, నేలమాళిగలో డాన్సు చేస్తుంది.

ఆ నేలమాళిగ గురించి కొంచెం చెప్పాలి. పైన పరుపులు కుట్టే కార్ఖానా. ఆదివారం సెలవు. గోడల చుట్టూ కొత్త పరుపులు నిలబెడితే లోపల ఎంత మోత మోగినా వీధిలోకి రాదు. డాన్సు పట్టపగలే ఎందుకంటే, రాత్రిళ్ళు కాపలా మనిషి అక్కడే పడుకుంటాడు. అన్ని పరుపులు పెట్టుకుని ఆయన మాత్రం ఇంకెక్కడ పడుకుంటాడు! పాటలు వేసేవాళ్ళు అడ్డంగా కట్టిన దుప్పటి వెనక ఉంటారు. వెనక మెట్ల మీంచి వస్తారు, వెనక మెట్ల మీంచే పోతారు. పేరు చెప్పరు, మొహం చూపించరు. ఎవరికి ఏ పూట అన్నది కొట్టు యజమానురాలు పరుపులావిడ ఒక్కతే చూసుకుంటుంది. ఆవిడకి క్లబ్బులూ తెలియవు, పోస్టర్లూ తెలియవు. మనిషి నచ్చాలి, పాట నచ్చాలి, అంతే.

పాటలంటే మాటలుండే పాటలు కావు. వట్టి దరువు. దాని మీద మెల్లగా ఇంకేదో. అది ముదిరి, కరిగి, మరొకటయ్యేసరికి మనం కూర తరిగి పొయ్యి మీద వెయ్యొచ్చు. అక్కడివాళ్ళకి నచ్చిన పాట బయట ఇంకో నలుగురికి నచ్చిందని తెలిస్తే, ఇక దాన్ని ముట్టుకోరు. పాలు విరిగినట్టే లెక్క. ఇవన్నీ కాక ఒక రూలు ఉంది. అది గోడ మీద ఎర్రరంగుతో, మా అమ్మాయి చేతిరాతతో ఉంది. పెద్ద క్లబ్బుల్లో వేసేవాళ్ళకి ఈ తెర వెనక చోటు లేదు.

అది ఎవరిని ఉద్దేశించి రాసిందో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు.

"నిన్న మళ్ళీ అదే చేశావట కదా బాబాయ్," అంటూ మొదలుపెట్టేది బల్ల దగ్గర.

"ఏది అమ్మడూ?"

అప్పుడు మా అమ్మాయి గరిటె ఒక చేత్తో కిందికి దించి, రెండో చెయ్యి చెవి దగ్గర దొప్పలా పెట్టుకునేది. అది మా మరిది క్లబ్బులో చేసే పని. పాటలో అందరికీ నోటికొచ్చిన ముక్క రాగానే శబ్దం టక్కున తగ్గించేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటాడు. జనం ఆ ముక్క గొంతులు చించుకుని పాడతారు. మళ్ళీ శబ్దం పెంచుతాడు. ఊరంతటికీ అతను తెలిసింది దాంతోనే.

"డీజే అంటే పాట వేసేవాడనుకున్నాను. పాట ఆపేసి, తన పని జనంచేత చేయించుకునేవాడని నిన్ను చూశాకే తెలిసింది."

"జనానికి అది సరదా అమ్మడూ."

"సరదా కాదు, అలవాటు. ఏం వస్తుందో ముందే తెలిసినదానికి ఎగరడం. మధ్యలో పుట్టినరోజు శుభాకాంక్షలు. పొగ. లైట్లు. యజమాని ఇచ్చిన పాటలే తిప్పితిప్పి వెయ్యడం."

"మరి మీ దగ్గర?"

"మా దగ్గర ఏం వస్తుందో ఎవరికీ తెలీదు."

"వేసేవాడికి కూడానా?" అన్నాను నేను, కూర వడ్డిస్తూ. నావైపు ఇద్దరూ ఒకేలా చూశారు. ఆ చూపు మాత్రం వాళ్ళ వంశంలో ఉంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పైకీ కిందికీ తప్ప పక్కకి పోయే సంగతులు ఆయనకి పట్టవు. ఈ గొడవల్లో ఆయన పాత్ర మంచినీళ్ళ జగ్గు అందించడం వరకే.

వాన పట్టిన రెండో వారంలో ఉతికే యంత్రం మొరాయించింది. అడుగున ఉండే జల్లెడ ఊడదీస్తే లేత నీలం దూది ముద్దగా వచ్చింది. అమ్మాయి బట్టలకి ఆ దూది ఉంటుందని నాకు తెలుసు, పరుపుల కొట్టుది. కానీ ఆ విడత ఉతికింది అమ్మాయి బట్టలు కాదు. మేడ మీది బట్టలు. నల్లచొక్కా జేబులో ఇంకాస్త, కాలరు మడతలో ఇంకాస్త. ఇంట్లో రహస్యాలు దాచుకోవాలనుకునేవాళ్ళు ముందు తమ బట్టలు తాము ఉతుక్కోవడం నేర్చుకోవాలి.

కాఫీ తీసుకుని మేడ మీదికి వెళ్ళాను. దూది ముద్దని సాసరులో, కప్పు పక్కన పెట్టాను.

మా మరిది దాన్ని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు.

"బిస్కెట్టు అయిపోయిందా వదినా?" అన్నాడు.

"ఆదివారాలు జిమ్ముకి పోతున్నానన్నావు. అక్కడ దూదితో చేసిన బరువులా?"

మంచం మీద కూలబడ్డాడు. మొత్తం చెప్పడానికి కాఫీ చల్లారేంత సేపు పట్టలేదు. చిన్నప్పుడు పిచ్చిగా కొనుక్కున్న రికార్డులు ఒక బీరువా నిండా ఉన్నాయి. క్లబ్బులో వాటిని వేస్తే ఎవరూ కదలరు. ఒకసారి వేసి చూస్తే, మిషను చెడిపోయిందా అని యజమాని మనిషిని పంపాడట. వేసవిలో ఒకరోజు పరుపు కొనడానికని ఆ కొట్టుకి వెళ్ళి, మాటల్లో మాటగా పరుపులావిడ దగ్గర ఈ రికార్డుల సంగతి బయటపెట్టాడు. అప్పట్నుంచీ వెళ్తున్నాడు.

"క్లబ్బులో నన్ను చూడ్డానికి వస్తారు వదినా. అక్కడ నన్నెవరూ చూడరు. ఎవరూ చూడకుండా పని చేస్తే ఎంత హాయిగా ఉంటుందో నీకు చెప్తే అర్థం కాదు."

"నాకెందుకు అర్థమవుతుంది," అన్నాను. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వంటింట్లో నా మీద లైట్లూ పొగా తప్ప ఏముంది గనక."

నవ్వాడు గానీ నిలవలేదు ఆ నవ్వు. "అమ్మడికి తెలియకూడదు. దాని రూలు దానికుంది. గోడ మీద రాసింది చదివి వినిపించి మరీ పంపేస్తుంది. పంపేస్తే పంపేసింది, నా పాట్లు నేను పడతాను. కానీ అప్పట్నుంచీ అక్కడ నేను వేసిన ప్రతి పాటా దానికి చేదైపోతుంది. మొన్న ఎలా ఆడిందో చూశావా నువ్వు? చూళ్ళేదులే. నేను చూశాను, దుప్పట్లో చిన్న చిరుగుంది. కళ్ళు మూసుకుని ఆడుతుంది. చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని ఊగేది చూడు, అలా."

నేను ఖాళీ కప్పు తీసుకున్నాను, దూది కూడా తీసుకున్నాను. ఆ రోజు నుంచి జల్లెడ నేనే శుభ్రం చేశాను, ఎవరి కంటా పడకుండా.

నోరు మాత్రం కట్టేసుకోలేకపోయాను. దానికి కారణం మా అమ్మాయే. తెర వెనకవాళ్ళకి పేర్లుండవు కాబట్టి ఆడేవాళ్ళే ముద్దుపేర్లు పెడతారు. వాళ్ళలో ఒకాయనకి 'నిదానం' అని పెట్టారు. తొందరపడని మనిషట. ఆ వానాకాలం మా బల్ల దగ్గర నిదానంగారి మాట రాని పూట లేదు.

"నాలుగు నిమిషాలు బాబాయ్! ఒక పాట మీదికి ఇంకో పాట ఎక్కించడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నారు నిదానంగారు. ఎప్పుడు మారిందో ఒక్కరికీ తెలీలేదు. ఆ టైములో నువ్వైతే ముగ్గురి పుట్టినరోజులు చెప్పేసేవాడివి."

మా మరిది కంచంలోకి చూస్తూ తింటున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తిట్టు తిన్నాడో, పొగడ్త అందుకున్నాడో తేల్చుకోలేని మొహం.

"ఆయనకి పెళ్ళయిందా?" అన్నాను.

"అమ్మా! వాళ్ళ గురించి అలాంటివి అడగరు."

"ఏదో ఈడూ జోడూ చూద్దామని. వయసెంతుంటుందంటావు?"

"వయసు ఏముంది? అలాంటి చెయ్యి ఉన్నవాడు మన ఊరివాడు కాదు. బాబాయ్ క్లబ్బు లాంటి చోట్ల గుమ్మం కూడా తొక్కి ఉండడు."

మా మరిదికి పొలమారింది. జగ్గు మా ఆయన అందించారు.

"నిదానం, నిదానం," అన్నాను నేను, వీపు తడుతూ. నీళ్ళు మళ్ళీ పొలమారాయి.

ఇలా సరదాగా గడిచిపోయేదే. ఆ ఆదివారం వాన ఆగి ఉంటే.

మధ్యాహ్నం బట్టలు తాళ్ళ మీంచి తీసి మళ్ళీ అవే తాళ్ళ మీద వేస్తుంటే ఫోను. అమ్మాయి. "అమ్మా, పెద్ద దుప్పటి ఒకటి పట్టుకురా. మందంది. పైకప్పు కారి తెర తడిసిపోయింది. అవతలి మనిషి ఆకారం కనిపిస్తోంది. ఇవాళ నిదానంగారి పూట. అందరూ కావాలని వీపులు తిప్పుకుని ఆడుతున్నారు. త్వరగా!"

ఇంట్లో ఉన్న మందపాటి దుప్పటి ఒక్కటే. పళ్ళెమంతేసి పొద్దుతిరుగుడు పువ్వులు దాని మీద. మా పెళ్ళికి ఎవరో ఇచ్చారు, అప్పట్నుంచీ ఎవరికి ఇచ్చేద్దామా అని దాచాను. చంకన పెట్టుకుని, గొడుగేసుకుని బయల్దేరాను.

మెట్లు దిగుతుంటే ముందు అరికాళ్ళకి తెలిసింది దరువు. గుమ్మంలో చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల ఒకటే బల్బు, మసక వెలుతురు, కొత్త పరుపుల వాసన, చెమట వాసన. నలభైమంది ఉంటారేమో, తెరకి వీపు పెట్టి ఆడుతున్నారు. ఎవరి లోకం వాళ్ళది. ఎవరూ ఎవరికోసమూ ఆడటం లేదు. సైకిళ్ళు బాగుచేసేవాడట, ఒకడు పొడుగ్గా, కొలిమి దగ్గర తిత్తిలా ఊగుతున్నాడు. పరుపులావిడ కుర్చీలో కూర్చుని మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తోంది.

అమ్మాయి ఒక కొస, నేనొక కొస పట్టుకుని పాత తెర మీదుగా కొత్తది కట్టాం. నా కొస గోడ పక్కన మేకుకి. ముడి వేస్తూ లోపలికి తొంగి చూశాను. చూడకూడదని నాకు ఎవరూ రూలు చెప్పలేదు.

బస్టాపు గోడ మీది మనిషి అక్కడ లేడు. చదువుకునే కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, పంట్లాం అంచులు మడిచి, చెప్పులు విప్పేసి, రికార్డు మీదికి వంగి ఉన్నాడు మా మరిది, పసిపిల్లకి పాలు పట్టేవాడిలా. నన్ను చూశాడు. పెదవి మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత నా కాలి వైపు చూశాడు. నా కాలు ఆడుతోంది. నేను గమనించనేలేదు. అతని మొహం మొత్తం వెలిగిపోయింది. వదిన కాలు కదిపించినవాడు ప్రపంచంలో ఎవరి కాలైనా కదిపించగలడని అతని లెక్క కాబోలు.

ఆ ఆనందంలో మనిషి ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

దరువు పైపైకి పోతోంది. ఇంకొక్క మెట్టు ఎక్కితే విరుచుకుపడుతుందనిపించే చోటికి వచ్చింది. మా మరిది ఎడమచెయ్యి శబ్దాన్ని టక్కున కిందికి లాగేసింది. కుడిచెయ్యి చెవి దగ్గరికి పోయింది.

అది మాటల్లేని పాట. పాడటానికి ఎవరికీ ఏమీ లేదు.

మా మరిది తన చెవి దగ్గరున్న చేతిని, ఎవరిదో పరాయివాళ్ళ చెయ్యి చూసినట్టు చూశాడు. పాట ఆగింది గానీ ఆడేవాళ్ళ కాళ్ళు ఆగలేదు. అన్ని పాదాలూ ఉత్త నేల మీద అదే దరువు, అదే వేగం, ధన్ ధన్ ధన్‌మని తొక్కుతున్నాయి. వానకి తడిసిన ఆ నేల పాడుతోందా అన్నట్టుంది. మా మరిది ఆ పాదాలని విన్నాడు. ఇంకాస్త విన్నాడు. సరిగ్గా ఒక అడుగు పడే చోట శబ్దాన్ని మళ్ళీ పైకి ఎత్తాడు. నలభైమందీ ఒక్క కేక పెట్టారు.

నేను అమ్మాయి వైపు చూశాను. అది ఆడటం లేదు. తెరకి అవతలి కొస దగ్గర నిలబడి ఉంది, కుడిచెయ్యి సగం పైకి లేచి, చెవి దగ్గర ఆగిపోయి. బల్ల దగ్గర అన్నిసార్లు వెక్కిరించిన చెయ్యి, అడక్కుండానే లేచింది. నేను చూడటం చూసి, మెల్లగా దించేసుకుంది.

ఆ పాట చివరికొచ్చి సన్నగిల్లగానే సైకిళ్ళ మనిషి ముందుకొచ్చాడు. ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో అనుమానం.

"అది క్లబ్బువాళ్ళ చేష్ట," అన్నాడు. "మనవాడు కాదు లోపలున్నది. తెర తియ్యండి, చూద్దాం."

"అవును, తియ్యండి," అన్నారెవరో వెనకనుంచి. "రూలు రూలే."

మా అమ్మాయి వచ్చి పొద్దుతిరుగుడు పూల ముందు నిలబడింది.

"నేనే ఆపాను," అంది.

"నువ్వా?"

"ఈ పక్క వైరు నా చేతికి అందేలా ఉంది. ఆపితే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. ఆపాను. మళ్ళీ పెట్టాను."

సైకిళ్ళ మనిషి దాన్ని పైనుంచి కిందికి చూశాడు. పకపకా నవ్వాడు. "ఎంతైనా ఆ పోస్టరాయన అన్నకూతురివి కదా! రక్తం ఊరుకుంటుందా!"

అందరూ నవ్వారు. ఆ మాట అంటే మా అమ్మాయి ఏం చేస్తుందో అక్కడివాళ్ళందరికీ తెలుసు. ఒకసారి ఒకాయన అన్నందుకు నెల్లాళ్ళు అతనితో మాట్లాడలేదు. నవ్వు మెల్లగా తగ్గింది, అది ఏమంటుందా అని.

"ఊరుకోదు," అంది మా అమ్మాయి. "ఆయన అన్నకూతుర్నే. ఏం, మీ కాళ్ళు ఆగాయా?"

"ఆగలేదు," అన్నాడు సైకిళ్ళ మనిషి, ఒప్పుకోక తప్పనట్టు.

"మరింకేం. ఆడండి. తెర తియ్యకూడదన్నది కూడా నా రూలే."

పరుపులావిడ కుర్చీలోంచి, "పాటేదీ? ఎంతసేపు కబుర్లు!" అని అరిచింది. తెర వెనక ముక్కు చీదిన చప్పుడు నాకు వినిపించింది, దూది సరిపడక అయి ఉంటుందిలెండి. తర్వాత, ఎక్కడో దూరాన ఎవరో తలుపు తట్టినట్టు, కొత్త దరువు మొదలైంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మా మరిది తల ఎత్తలేదు. శిక్ష వినడానికి నిలబెట్టినవాడిలా కూర్చున్నాడు. మా ఆయన అటూ ఇటూ చూశారు. చప్పుడు చెయ్యాల్సింది చప్పుడు చెయ్యకపోతే ఏదో ఊడినట్టేనని ఆయన వృత్తి ఆయనకి నేర్పింది.

"ఏంటి, ఏమైనా చెడిపోయిందా?" అన్నారు.

"ఏం లేదు నాన్నా," అంది అమ్మాయి. కూర గిన్నె బాబాయి వైపు జరిపింది. "బాబాయ్, మీ క్లబ్బులో నువ్వు అలా శబ్దం తగ్గించినప్పుడు ఎంతమంది పాడతారు?"

అతను జాగ్రత్తగా తలెత్తాడు. గరిటె ఎక్కడుందో కూడా చూసుకున్నాడు. అది గిన్నెలోనే ఉంది.

"వెయ్యిమంది దాకా."

"వెయ్యిమందీ ఒకే చోట అందుకుంటారా?"

"అందుకుంటారు. కానీ ప్రతిసారీ భయమే అమ్మడూ. తగ్గించాక ఒక్క క్షణం ఉంటుంది చూడు, ఈసారి అందుకోకపోతేనో అని. అందుకే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటాను. ఫోజు కాదు. నిజంగానే వింటాను."

మా అమ్మాయి ఆ మాటని ముద్దతో పాటు నమిలింది.

"అంటే నీకూ ముందే తెలీదన్నమాట, ఏం వస్తుందో."

"తెలీదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగావా?"

అడగలేదు మరి.

"మావాళ్ళకి పాడటం రాదులే," అంది అమ్మాయి. "మాటలుంటే కదా."

"కాళ్ళతో పాడారుగా," అన్నాడు మా మరిది.

అని, చెంచా గాల్లో ఉండగానే ఆగిపోయాడు. అక్కడ లేని మనిషి అనాల్సిన మాట కాదది. మా అమ్మాయి చాలా శ్రద్ధగా మంచినీళ్ళు తాగుతోంది. గ్లాసు వెనక పెదవులు ఏం చేస్తున్నాయో నాకు కనిపించలేదు.

"ఎవరు?" అన్నారు మా ఆయన.

"మీరు తినండి," అన్నాను.

తర్వాతి ఆదివారం కూడా వానే. భోజనాలయ్యాక మా మరిది రికార్డుల సంచీకి ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఆ బరువు, గేటు దాటి బస్టాపు వైపు నడుస్తున్నాడు. డ్రైవింగ్ స్కూలు కారు, రెండు జతల బ్రేకులున్నది, నెత్తి మీద ఎర్రబోర్డుతో సహా అతని పక్కన వచ్చి ఆగింది. అద్దం దిగింది.

"ఎక్కు బాబాయ్. తడుస్తాయి."

తడుస్తావు అనలేదు. అతను రోడ్డు మీద అలాగే నిలబడిపోయాడు, గొడుగు ఒక పక్కకి ఒరిగి నీళ్ళు భుజం మీద కారుతున్నా. తర్వాత వెనక తలుపు తీసి, సంచీని సీటు మీద పడుకోబెట్టి, దానికి బెల్టు పెట్టి, తనొచ్చి ముందు కూర్చున్నాడు.

కారు చప్పుడుకి మా ఆయన కిటికీ దగ్గరికొచ్చారు. "ఇద్దరూ కలిసి ఎక్కడికే?" అని కేకేశారు.

"పంటి డాక్టరు దగ్గరికి!" అంది అమ్మాయి.

"ఫ్రెండు ఇల్లు మారుతున్నాడన్నయ్యా, సామాను సర్దాలి!" అన్నాడు మా మరిది, సరిగ్గా అదే క్షణంలో.

కారులో ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మా ఆయన నా మొహం చూశారు.

"పంటి డాక్టరే ఇల్లు మారుతున్నాడండీ," అన్నాను.

కారు మలుపు తిరిగేదాకా ఆయన ఆలోచించారు.

"పాపం," అన్నారు. "ఆ కుర్చీ ఏ లిఫ్టులోనూ పట్టదు."